జడత ఇవ్వని నల్ల పొట్టేలు

మా చుట్టుపక్కల ఒళ్లంతా నల్లగా ఉన్న పొట్టేలు ఒక్కటే మిగిలిందన్న కబురు నాకు మొదట తెచ్చింది గొంగళ్లు నేసే ముసలాయన. అంతకుముందే మా ఇంటాయనకు జబ్బు చేసి తగ్గింది. తగ్గితే నల్ల పొట్టేలును ఇస్తానని ఎల్లమ్మ తల్లికి మొక్కుకున్నాను. తీరా వెతికితే ఏ మందలో చూసినా ఎర్ర గొర్రెలే. తొందరగా బరువొస్తాయని అందరూ వాటికే మళ్లారు. వాటికి వెంట్రుకలే గాని ఉన్ని ఉండదు.

ఆ ఒక్క పొట్టేలు లక్సెట్టిపేట దిక్కు గోదావరి ఒడ్డున గొర్రెలు కాసుకునే కురుమ అవ్వది. మొక్కు అని చెప్పగానే కాదనలేదు, తనే తోలుకొచ్చింది. గుడి దగ్గర మాత్రం నా పక్కన నిలబడి మెల్లగా అన్నది.

"తల్లికి అడ్డం రాను బిడ్డా. గాని ఇది పోతే నా మందల ఇగ నల్ల పిల్ల పుట్టది."

మొక్కుకున్న నాడు నాకీ సంగతి తెలియదు. ఇచ్చిన మాట వెనక్కి తీసుకునే ధైర్యమూ లేదు. తల్లీ నువ్వే చూసుకో అని కళ్లు మూసుకున్నాను.

పూజారి పొట్టేలు వీపు మీద పసుపు నీళ్లు పోశాడు. అది ఒళ్లు విదిలిస్తే తల్లి ఒప్పుకున్నట్టు. దాన్నే జడత ఇవ్వడం అంటారు, ఇవ్వందే కత్తి ఎత్తరు. చెంబు మీద చెంబు పోశాడు. నీళ్లు పైపైనే జారి నేల మీద పడ్డాయి. పొట్టేలు మెడలో వేసిన వేపమండను నములుతూ నిలబడింది. మా బావగారు విసుక్కుని బిందె తెమ్మన్నారు. పూజారి వద్దన్నాడు.

"తల్లి వద్దంటుంది. ఇడిసిపెట్టుండ్రి."

నేనెత్తిన బోనంతోనే మొక్కు చెల్లిందన్నాడు. నేను వంగి తల్లికి దండం పెట్టుకున్నాను.

తిరిగొచ్చేటప్పుడు అవ్వ నవ్వు ఆపుకోలేక చెప్పింది. మొక్కుకు తెచ్చే గొర్రెకు ముందే ఉన్ని కత్తిరిస్తారట. ఈసారి తను కత్తిరించలేదట.

"తోలుకు తడి తగిల్తెనే గద ఇదిలిచ్చుకునుడు. గొంగడి కప్పుకున్నోని మీద చెంబెడు నీళ్లు పోస్తే వానికేమెరుక?"

తల్లిని మోసం చేసినట్టు కాదా అని అడిగాను. అవ్వ నవ్వు ఆపి నా దిక్కు చూసింది.

"గా ఉన్ని ఇచ్చిందెవలు మరి?"

తరువాతి వానాకాలం ఆమె మందకు పోయాను. నల్ల పిల్లలు నాలుగు ముసురులో గంతులేస్తున్నాయి. పొట్టేలు ఉన్నిలోకి వేళ్లు దూర్చి చూశాను. పైన చినుకుల తడి, లోపల తోలు పొడిగా, వెచ్చగా. ఇంత బిగువుగా ఏ మగ్గం మీద నేశావు తల్లీ అనుకుంటూ చెయ్యి తియ్యబుద్ధి కాక చాలాసేపు అట్లాగే ఉండిపోయాను.

ఇది చదివినవాళ్లు దీపం పెట్టుకునేటప్పుడు ఆ అవ్వను ఒక్కసారి తలుచుకోండి. ఇంకా ఆ మంద వెనక తనే నడుస్తున్నది. ఆమె కాళ్లలో సత్తువ ఉండాలని నా తరఫున కూడా అడగండి.