లింగమూర్తి తాత గుండెపట్టీ

మాదాపూర్ పక్కన రాయదుర్గంలో లింగమూర్తి తాత తాటిచెట్టు ఎక్కుతుంటే దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. ఆగకపోతే తాతే గట్టిగా దగ్గి ఆపేవాడు. అరవై ఒక్క ఏళ్ళ మనిషి నడుముకూ చెట్టుకూ కలిపి మోకు తాడు వేసుకుని, కత్తి నడుముకు దోపుకుని, ఎక్కడా ఆగకుండా ఒక్క గుక్కలో మట్టల దాకా వెళ్ళిపోతాడని ఊరంతా చెప్పుకునేది. ఆ మాట మొదట పుట్టించింది మాత్రం తాతే.

చూడనిది ఒక్క నాయనమ్మే. తాత భార్య, పేరు చంద్రమ్మ. తాత చెట్టుకు మోకు తగిలించగానే ఆమె వీపు తిప్పి, కల్లు పాక ముందు కూర్చుని లొట్లు, అంటే కల్లు కుండలు, కడగడం మొదలుపెట్టేది. అప్పటికే కడిగినవైనా సరే. నలభై ఏళ్ళుగా అంతే. తాతకు అది లోపల ఎక్కడో గుచ్చుకునేది.

"ఊరంత సూస్తది. నువ్వొక్కసారన్న తలెత్తి సూడవేందే?"

"నేను సూస్తే కల్లు ఎక్కువ కారుతదా?"

తొంభై తొమ్మిదిలో, హోళీకి ముందు ఒక పొద్దున తాత అన్నింటికన్నా పొడుగు చెట్టును సగం ఎక్కి ఆగిపోయాడు. కళ్ళు బైర్లు కమ్మాయి. చెట్టును వాటేసుకుని పావుగంట అలాగే ఉన్నాడు. కిందివాళ్ళు అడిగితే "గాలి మంచిగొస్తున్నది, జర ఆగిన" అన్నాడు. దిగాక ముఖం చూస్తే గాలి సంగతి అందరికీ అర్థమైంది. కొడుకు రవీందర్ ఆఫీసు వ్యాను నడుపుతాడు. ఆ వ్యానులోనే దవాఖానకు తీసుకుపోయాడు.

డాక్టరు గుండె పరీక్ష చేసి, పెద్ద ప్రమాదం ఏమీ లేదని, బీపీ కొంచెం ఉందని గోలీలు రాసిచ్చాడు. "రొప్పేట్టు ఎక్కొద్దు. గుండె నిమిషానికి నూట ఇరవై దాటి కొట్టుకోకుండా చూసుకో" అన్నాడు.

ఇంటికి రాగానే నాయనమ్మ మోకును చేతిలోకి తీసుకుని, దండెం పక్కన ఉన్న మేకును చూసింది.

"చెట్టు మీద నూట ఇరవై ఎట్ల లెక్కవెడతవు? ఒక చెయ్యి మోకు మీద, ఒక చెయ్యి మట్ట మీద. మూడో చెయ్యున్నదా?"

రవీందర్ కూడా అదే పాట. "ఇగ చాలు నాయినా. కొత్త బిల్డింగుల వాచ్‌మన్ పని ఇప్పిస్త. కుర్చీల కూసుండుడే."

"గంత మీద మబ్బుల కింద కూసున్నోన్ని, మూరెడు కుర్చీల కూసోవాల్నా?" అన్నాడు తాత. గొంతు పెద్దగానే ఉంది కానీ చూపు మాత్రం నాయనమ్మ చేతిలోని మోకు మీదే ఉంది. ఆ మోకు మేకుకెక్కితే మళ్ళీ దిగదని తాతకు తెలుసు.

మూడో చెయ్యి గిరీష్ రూపంలో వచ్చింది.

గిరీష్ అనంతపురం కుర్రాడు. మాదాపూర్ వైపు కొత్తగా లేచిన అద్దాల బిల్డింగులో, కంప్యూటర్ల ముందు కూర్చుని లావెక్కినవాళ్ళ చేత కసరత్తు చేయించడం అతని ఉద్యోగం. అక్కడ ఎంత నడిచినా అంగుళం ముందుకు పోని రోడ్డొకటి కరెంటుతో తిరుగుతుందట. ఆ సంగతి విన్న రోజు తాత నవ్వి నవ్వి లొట్టి ఒలకబోశాడు. గిరీష్ మాత్రం నిజం రోడ్డు మీదే పరుగెత్తి, వచ్చి తాత దగ్గర ఆకు దొప్పలో తియ్యటి కల్లు తాగి పోయేవాడు.

తాత గోడు విని, మరునాడు ఒక నల్ల పట్టీ, ఒక లావు గడియారం తెచ్చాడు.

"పెద్దాయనా, ఈ పట్టీ కట్టుకుంటే గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటాందో ఈ వాచీలో పడతాది. నూట ఇరవై దాటితే కీచుమని అరుస్తాది. మీరేం లెక్కపెట్టే పనిల్యా. పట్టీ లోపలివైపు కొంచెం తడిపి కట్టుకోండి."

నాయనమ్మ పట్టీని వాసన చూసి షరతు పెట్టింది. మూడు పొద్దులు. మొదటి రెండూ నేర్చుకోవడానికి. మూడోనాడు చెట్టు మీద ఒక్కసారి అరిచినా మోకు మేకుకే. తాత సరేనన్నాడు.

మొదటి పొద్దున తాత పట్టీని మోకులాగే కళ్ళకద్దుకుని ఎల్లమ్మకు దండం పెట్టుకున్నాడు. పుట్టిన దగ్గరి నుంచి తాడన్నది నడుముకు కట్టడమే ఎరిగిన మనిషి. దాన్ని కూడా నడుముకే కట్టి, చొక్కా దించుకుని వచ్చాడు. గిరీష్ వాచీ చూసి కంగారుపడ్డాడు.

"ఏంది పిల్లగా, ఎంతున్నది?"

"సున్నా ఉంది పెద్దాయనా."

"సున్నానా? అంటే గుండె లేదన్నట్టా?"

పాక ముందు నుంచి నాయనమ్మ గొంతు వినిపించింది. "నాకు నలభై ఏండ్ల సంది ఎర్కనే. మిషన్‌కు ఇయ్యాల తెలిసింది."

గిరీష్ చొక్కా ఎత్తి చూసి, పట్టీని ఛాతీకి మార్చాడు. అప్పుడు డెబ్బై ఎనిమిది పడింది. తాత ఆనందంగా మోకు తగిలించి, అలవాటు ప్రకారం ఒక్క గుక్కలో లేచాడు. సగానికి రాకముందే వాచీ కీచుకీచుమంది. కాకులు లేచిపోయాయి. మట్టల దాకా అరుస్తూనే ఉంది.

దిగాక గిరీష్ మెల్లగా చెప్పాడు. "పెద్దాయనా, ఇది పందెం కాదు. నడుమ ఆగల్ల. ఆగితే అంకె దిగుతాది. దిగినాక మళ్ళీ ఎక్కల్ల."

"నడుమ ఆగుడా? నేనా? జనం సూస్తే ఏమన్కుంటరు?"

రెండో పొద్దున తాత ఆగాడు. మనసొప్పక ఆగినా, ఆగాడు. మోకు మీద వీపు వాల్చి చూస్తే వాచీలో నూట పన్నెండు, నూట రెండు, తొంభై ఆరు. ఎవరో లోపలి నుంచి నిచ్చెన దిగుతున్నట్టు అనిపించింది. మళ్ళీ నాలుగు బారలు ఎక్కి ఆగాడు. అంతా బాగానే ఉందనుకుంటుండగా తేనెటీగలు వచ్చాయి. పట్టీ తడపమంటే తాత నీళ్ళ కోసం వెతకలేదు. చేతికందిన కల్లు లొట్టిలో ముంచి కట్టుకున్నాడు. ఈగలు చొక్కాలో దూరితే ఎవరి గుండె నిమ్మళంగా ఉంటుంది? వాచీ నూట నలభై చూపించి గోల గోల చేసింది.

"నీళ్ళతో తడపమన్యా!" అన్నాడు గిరీష్ నెత్తి కొట్టుకుని.

"పొద్దుగాల్ల ఈడ నీళ్ళెవడు ముడతడు?" అన్నాడు తాత, బుగ్గ మీది వాపు తడుముకుంటూ.

మూడోనాడు పట్టీని గిరీష్ స్వయంగా మంచినీళ్ళతో తడిపి కట్టాడు. తాత పొడుగు చెట్టునే ఎంచుకున్నాడు. పడితే దాని మీంచే పడాలి, నిలిస్తే దాని మీదే నిలవాలి అన్నాడు. ఆ రోజు కావాలని ఎవరినీ దగ్గి పిలవలేదు. నాలుగు బారలు ఎక్కడం, వాలడం, అంకె దిగేదాకా కొత్త బిల్డింగుల అద్దాలు లెక్కపెట్టడం. నూట పదిహేడుకు పోయినప్పుడు ఊపిరి బిగబట్టాడు, అది తప్పని గుర్తొచ్చి వదిలాడు. మూడుచోట్ల ఆగి మట్టలందుకున్నాడు. గెల గీసి, లొట్టి మార్చి, అంతే నెమ్మదిగా దిగాడు. వాచీ కిక్కురుమనలేదు.

"గెలిసిన!" అన్నాడు తాత, నేల మీద కాలు పెట్టగానే.

నాయనమ్మ లొట్టి పక్కన పెట్టి లేచింది. "ఆ మిషన్ మొన్న నీకు గుండెనే లేదన్నది. దాని మాట నేన్నమ్మ. ఇటియ్యి, నేను కట్టుకుంట. నేను ఊకె నిలవడ్డా అరిసిందనుకో, మిషన్ ఖరాబైనట్టు."

పాక వెనక్కి పోయి రవిక లోపల పట్టీ కట్టుకుని వచ్చింది. గిరీష్ ఆమె చేతికి వాచీ పెట్టాడు. ఎనభై నాలుగు. ఈ లోపల తాత గెలిచిన ఊపులో పక్కచెట్టుకు మోకు తగిలించాడు. నాయనమ్మ అలవాటుగా వీపు తిప్పుకుంది.

తాత సగం ఎక్కి వాలాడో లేదో, కింద కీచుకీచుమని మొదలైంది.

"ఏమైందిరా?" అని అరిచాడు పైనుంచి.

"ఏంల్యా పెద్దాయనా! అవ్వ నిలబడే ఉంది. నూట ముప్పై రెండు!"

"ఖరాబ్ మిషన్. నేను జెప్పలే?" అంది నాయనమ్మ.

తాతకు ఏదో అనుమానం తగిలింది. రెండు బారలు దిగాడు. "ఇప్పుడెంత?"

"నూట ఇరవై నాలుగు!"

ఇంకో రెండు బారలు. "ఇప్పుడు?"

"నూట పది! అరుపు ఆగింది!"

తాత నేల మీద కాలు పెట్టేసరికి తొంభై ఒకటి. మోకు విప్పి పక్కన పెట్టేసరికి ఎనభై ఆరు. గిరీష్ అంకెలు చదవడం ఆపి, దొప్పలో లేని కల్లు తాగుతున్నట్టు తల వంచుకున్నాడు.

తాత నాయనమ్మ వీపు వైపు చూశాడు. నలభై ఏళ్ళు. రోజుకు రెండు పూటలు. కడిగిన లొట్లనే మళ్ళీ కడగడం.

"గందుకేనా తలెత్తకపోతివి?"

"లొట్లు ఎవరు గడుగుతరు మరి?" అంది నాయనమ్మ, వెనక్కి తిరగకుండానే.

షరతు ప్రకారం తాత గెలిచాడు. మోకు మేకుకెక్కలేదు. కానీ ఆ సాయంత్రమే తాత తమ్ముని కొడుకు యాదయ్యను పిలిచి, పొడుగు చెట్లు రెండూ అతనికి అప్పజెప్పాడు. "నా గుండె మంచిగనే ఉన్నది. ఇంకో గుండె ఉన్నది, దానికే జర పొట్టి చెట్లు కావాలె" అన్నాడు. యాదయ్యకు ఏమీ అర్థం కాలేదు కానీ చెట్లు మాత్రం తీసుకున్నాడు.

పట్టీ, వాచీ గిరీష్‌కు తిరిగి వెళ్ళిపోయాయి. ఇప్పుడు తాత పొట్టి చెట్లే ఎక్కుతాడు. నడుమ ఆగితే జనం ఏమనుకుంటారన్న బెంగ కూడా పోయింది. పైగా గాలి మంచిగొస్తుందని చెప్పుకుంటాడు. నాయనమ్మ ఇప్పటికీ తలెత్తి చూడదు. వీపు తిప్పుకుని లొట్లు కడుగుతూనే, సరిగ్గా సగానికి వచ్చేసరికి అడుగుతుంది.

"ఆగినవా?"

తాత మోకు మీదికి వాలి దగ్గుతాడు. ఈసారి దారిన పోయేవాళ్ళ కోసం కాదు.

"ఆగిన."