తాత చేతి ముద్ర

మా తాత తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. రిటైరయింది తాతే గానీ ఆయన కుడిచెయ్యి కాలేదు. ఆ చెయ్యి ఏది పట్టుకున్నా తూచేది. కాఫీ గ్లాసు అందుకుంటే కాఫీ ఎంతో, గ్లాసు ఎంతో విడివిడిగా చెప్పేది. పెళ్ళిళ్ళలో పెండ్లికొడుకుతో చెయ్యి కలిపి, పక్కకొచ్చి, మనిషి యాభై కేజీలకు మించడని మా చెవిలో వేసేవాడు. మీసం సంగతి ఇక్కడ అనవసరమే గానీ చెప్పకుండా ఉండలేను. దాని ఒక కొస కర్నూలులో, ఇంకో కొస కడపలో ఉండేది. సర్వీసంతా ఆ రెండు జిల్లాల్లోనే గడిచింది కాబట్టి అది సబబే.

అంగళ్ళలో తక్కెడలకూ తూకపు రాళ్ళకూ ఎప్పటికప్పుడు పరీక్ష చేయించి సర్కారు ముద్ర వేయించుకోవాలి. ముద్ర గడువు దాటిందంటే సీజు. ఆ ముద్ర వేసే చెయ్యి తాతది. కోడుమూరు సంతలో ఆయన బస్సు దిగాడంటే తక్కెడల కింద అంటించిన చింతపండు ముద్దలు వాటంతటవే ఊడి నేల మీద పడేవట. బేతంచెర్ల దగ్గర బండలు నింపుకొని పోయే లారీని ఆపి, టైర్ల వైపు ఒకసారి చూసి, సరుకెంతో చెప్పడమే కాక డ్రైవరు మధ్యాహ్నం అన్నం తినలేదని కూడా తేల్చాడట. ఇవన్నీ ఎవరు చెప్పారంటే తాతే చెప్పాడు. వేరే సాక్షులు లేరు. అందుకే నమ్మాల్సి వచ్చింది.

నేను చెప్పబోయేది రెండువేల సంవత్సరం దాటిన తర్వాతి సంగతి. కర్నూలు పాతబస్తీ అంగళ్ళలో తక్కెడలు పోయి, ఎర్ర అంకెలు వెలిగే కరెంటు కాటాలు వస్తున్న రోజులు. తాతకు ఎనభై దగ్గరపడింది. నాకు ముప్పై దాటి, ఉద్యోగమూ పెళ్ళీ రెండూ కుదురుకొని, ఇతరుల విషయాల్లో తలదూర్చడానికి కావలసినంత తీరిక దొరికింది. ఆ తీరికను గమనించినట్టే, మా అవ్వ వంటింట్లో ఒక వింత బయటపడింది.

అవ్వ దగ్గర కందిబ్యాళ్ళు, అంటే కందిపప్పు, పోసుకునే రేకు డబ్బా ఒకటుండేది. దాని నడుముకు ఒక సొట్ట. కేజీ బ్యాళ్ళు పోస్తే సరిగ్గా సొట్ట దగ్గరకు వచ్చి ఆగాలి. అది ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో పడిన సొట్ట. ఎలా పడిందని అడిగితే తాత లేచి వేరే గదిలోకి వెళ్ళిపోయేవాడు. కొన్నాళ్ళుగా ఆ డబ్బాలో బ్యాళ్ళు సొట్టను అందుకోవడం లేదు. వేరే డబ్బాలో చక్కెరదీ అదే కథ, రవ్వదీ అదే కథ.

"అంగడి శెట్టి మోసం చేస్తాండాడు," అంది అవ్వ గొంతు తగ్గించి. "మీ తాతకు చెప్పొద్దు. ప్రాణం పోతాది."

మా ఇంట్లో అతిశయోక్తి అందరికీ ఉన్న జబ్బే గానీ అవ్వ మాట్లాడింది ఉన్న మాటే. సరుకులు తెచ్చేది తాత. వయసంతా తప్పుడు తూకాలు పట్టిన మనిషి ఇంటికే తప్పుడు తూకం వస్తోందంటే, అదీ ఆయన చేతి మీదుగానే వస్తోందంటే, ఇక ఆయనకు మిగిలేది మీసం ఒకటే.

నేను మొదట ఎలుకలను అనుమానించాను. తర్వాత మా ఆవిడను అనుమానించి, ఆమె చూసిన చూపుకు వెంటనే మానుకున్నాను. చివరికి ఒక ఆదివారం తాత వెంట అంగడికి బయలుదేరాను. సంచి నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు. ఆ సంచిని ఆయన ఎవరికీ ఇచ్చిన పాపాన పోలేదు.

శెట్టి అంగడి ఎంత ఇరుకంటే, ఆయన లోపల కూర్చున్నాక గాలి బయట నిలబడి వంతు కోసం చూడాలి. తాతను చూడగానే శెట్టి లేచి నిలబడ్డాడు. దొంగ లేచినట్టు లేదు, పరీక్షకు చదవని పిల్లవాడు లేచినట్టుంది. అది నాకు వింతగా తోచింది. కాగితం పొట్లంలో బ్యాళ్ళు పోసి కాటా మీద పెట్టాడు. ఎర్ర అంకెలు కాసేపు గెంతి కేజీ దగ్గర కూర్చున్నాయి. రెప్ప వెయ్యకుండా చూశాను. మోసం లేదు.

తాత పొట్లం అందుకొని కళ్ళు మూసుకున్నాడు. బెల్లం మీది ఈగలు కూడా తీర్పు కోసం ఆగాయి. అరచెయ్యి ఒకసారి పైకి, ఒకసారి కిందికి ఆడింది.

"ఎక్కువుండాది."

"కాటా చూడండి సార్. కేజీనే."

"కాటా లంచం తినింది. తియ్."

శెట్టి గుప్పెడు బ్యాళ్ళు తీశాడు. తాత మళ్ళీ చెయ్యి ఆడించి తల అడ్డంగా ఊపాడు. ఇంకో గుప్పెడు తీశాక గానీ ఆయన మనసుకు నెమ్మది కలగలేదు. ఒకరి సొత్తు గింజ కూడా తనకొద్దంటూ పొట్లాన్ని సంచిలో వేసుకొని, చక్కెర బస్తా వైపు నడిచాడు.

నాకు అప్పటికి అర్థమయింది. చేతిలో సత్తువ తగ్గింది. కేజీ ఆ చేతికి కేజీంబావుగా తోస్తోంది. తక్కువ తూచేవాళ్ళను హడలగొట్టిన మనిషి ఇప్పుడు దగ్గరుండి తన ఇంటికి తక్కువ తూయించుకుంటున్నాడు.

శెట్టి నా చొక్కా పట్టుకొని దగ్గరికి లాగాడు. "ఏమప్పా, సారు డ్యూటీలో ఉన్నప్పుడు కూడా నేను తక్కువ తూచలే. ఇప్పుడు ఆయప్పే తూయిస్తాండాడు. చూసేటోళ్ళు ఏమనుకుంటారు?"

బల్ల కింద నుంచి బిస్కెట్ల డబ్బా తీసి మూత తెరిచాడు. అందులో తాత తీయించిన బ్యాళ్ళన్నీ ఉన్నాయి. అవి మా ఇంటివేననీ, తాను ముట్టలేదనీ, ఎలా ఇవ్వాలో తెలియక పెట్టుకున్నాననీ చెప్పాడు. తాతకు చెప్పేసి ఉండాల్సిందన్నాను.

"ఆ చేతికి ఎట్ల చెప్తామప్పా," అన్నాడు శెట్టి.

ఇంటికొచ్చి అవ్వకు చెప్పాను. ఆమె డబ్బాను కిందికి దించింది. తర్వాత రోకలిబండ తెచ్చి, పాత సొట్టకు రెండు వేళ్ళ కింద ఒక్క పోటు పొడిచింది. కొత్త సొట్ట పడింది. ఇంక దీని కాడికి వస్తే కేజీ అని ఆమె చట్టం చేసింది. అంత సులభంగా చట్టం మార్చిన ప్రభుత్వాన్ని నేను ఎక్కడా చూడలేదు.

చప్పుడుకు తాత వచ్చాడు. డబ్బా జారిపడిందని అవ్వ చెప్పింది. తాత డబ్బాను అందుకొని వెలుతురులోకి తిప్పాడు. ఏ సాకు చెప్పినా ఆయన నమ్మేవాడేమో గానీ, సొట్ట దగ్గర అబద్ధం నిలవదని మాకు తట్టలేదు. పాత్రకు సొట్ట కొట్టి కొలత మార్చడమే గదా ఆయన వయసంతా పట్టుకున్న నేరం.

"కొలతకు సొట్ట కొట్టినావు," అన్నాడు అవ్వతో. "ఎవరి కోసం?"

అవ్వ పలకలేదు. పాత సొట్ట గురించి ఆయన అన్నేళ్ళు పలకలేదు గదా, ఆ బాకీ తీర్చుకుంటోందేమో అనుకున్నాను. కానీ ఆమె ఆయన కుడిచేతి వైపే చూస్తోంది.

తాత ఆ చూపును పట్టుకున్నాడు. గదిలోకి వెళ్ళి, పాత పేపర్లు ఎగిరిపోకుండా పెట్టుకున్న కేజీ ఇనుపరాయిని తెచ్చాడు. సర్కారు ముద్ర ఉన్న రాయి. అరచేతిలో పెట్టుకొని కళ్ళు మూసుకున్నాడు.

"ఎక్కువుండాది," అన్నాడు మెల్లగా.

ఇనుము పెరగదని ఆయనకు మేము చెప్పనక్కర్లేదు. ఆ పూట అన్నం తినేటప్పుడు ఎడమచేత్తో నీళ్ళ చెంబు ఎత్తి చూసి, కుడిచేతికి మార్చుకొని మళ్ళీ చూశాడు. బాధపడుతున్నాడా, పరీక్ష చేస్తున్నాడా తెలుసుకోవాలని నేను మజ్జిగ కోసమని, ఊరగాయ కోసమని పదేపదే అటు తిరిగాను. ఆయన ముఖంలో నాకు కనబడింది కుతూహలం. ఆ జబ్బు నాకు ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది.

మర్నాడు నన్ను వెంటబెట్టుకొని అంగడికి వెళ్ళాడు. శెట్టి లేచి నిలబడ్డాడు. తాత ఏమీ అడగకుండా తన కుడిచేతినే కాటా మీద పెట్టాడు. ఎర్ర అంకెలు పరుగెత్తాయి. పైకి పోయి, కిందికి వచ్చి, మళ్ళీ పైకి పోయాయి. ఎంతసేపు చూసినా ఎక్కడా కూర్చోలేదు. చెయ్యి సన్నగా వణుకుతోంది.

"నిలబడలేదు, శెట్టీ," అన్నాడు తాత, సర్వీసులో మాట్లాడినంత గట్టిగా. "ముద్ర గడువు దాటిపోయింది. సీజు."

శెట్టి వంగి బిస్కెట్ల డబ్బా తీసి తాత ముందు పెట్టాడు. తాత మూత తీసి చూసి, మళ్ళీ మూసి, డబ్బాను రెండు చేతులా ఎత్తాడు. అలవాటు కొద్దీ కళ్ళు మూతపడ్డాయి. నేనూ, శెట్టీ, ఈగలూ ఊపిరి బిగబట్టాము.

"ఎంతుంటాది సార్?" అన్నాడు శెట్టి.

తాత ఒక కన్ను తెరిచాడు. "నన్నడుగుతావేంది? కాటా మీద పెట్టు."

అంకెలు నాకు కనబడకుండా అడ్డు నిలబడి తూకం చూసుకున్నాక బ్యాళ్ళు సంచిలో పోయించి, సంచి నాకిచ్చాడు. దారిలో ఎంత బరువుందని అడిగాడు. నాకు తోచింది చెప్పాను. కాటా లెక్కకు అది చాలా దూరం కాబోలు, ఇల్లు చేరేదాకా నవ్వుతూనే ఉన్నాడు.