ముందు నడిచిన నరం

ఈ రోజు కల్వకుర్తిలో మా చుట్టాలమ్మాయి సరిత పెళ్లి. నేను హైదరాబాదులో చేసే పరిశోధన ఏమిటని బస్సులో మేనత్త అడిగింది. చేపపిల్ల గుడ్డులో ఉండగానే దాని నరాల పోగులు దారి వెతుక్కుంటూ పెరుగుతాయనీ, ముందు ఒక పోగు వెళ్తే, కణాలను అతికించే అణువుల సాయంతో మిగతావి దాన్నే అంటుకుని పోతాయనీ చెప్పాను. ఆ అణువుల గురించే నా చదువంతా.

"మరి ముందలది తొవ్వ తప్పితే?" అంది అత్త.

"ఎనకాలయన్ని తప్పుతయి అత్తా."

బస్సు దిగాక, "సదువుకున్నదానివి, నువ్వే ముందల నడువు" అంది. నడిచాను. అమ్మ, అత్త, చిన్నమ్మ ఒకరి కొంగు ఒకరు పట్టుకుని నా వెనకే వచ్చారు. అప్పటికే ఆలస్యమైంది కనుక ఫంక్షన్ హాల్లో నేరుగా భోజనాలకే కూర్చున్నాం. బగారన్నం సగం తిన్నాక చూస్తే, వేదిక మీద ఉన్నది సరిత కాదు. మా పెళ్లి పక్క హాల్లో!

సిగ్గుతో లేవబోతుంటే అత్త నా భుజం పట్టి కూర్చోబెట్టింది.

"కూసో బిడ్డా, ఇస్తారి ముందట్నుంచి సగంల లేస్తే పెట్టినోళ్లకు బాధైతది. గని ఒకటి చెప్పు, నీ చేపపిల్లలు గూడ గిట్లనే వేరేటోళ్ల పెండ్లిల తింటయా?"

సరిత వాళ్లమ్మ ఊరుకుంటుందా, పక్క హాల్లో మళ్లీ తినిపించింది. ఇకపై మా ఇంట్లో ముందు నడిచే పని అత్తది. మీ ఇంట్లో ఎవరు నడుస్తారు? వాళ్లకైనా దారి తెలుసా?