అరబ్బీ పేపరు అట్ట

గల్ఫ్ యుద్ధం నడుస్తున్న రోజులు. సౌదీలో కువైట్ సరిహద్దున ఉన్న ఖఫ్జీ వదిలి దమ్మామ్ వెళ్తున్న మా బస్సును సైనికులు ఆపారు. నా సంచిలో ఒక అమెరికన్ రచయిత ఆత్మకథ ఉంది. జుట్టు పెంచుకుని, గంజాయి తాగి, యుద్ధానికి పోనని జైలుకెళ్లిన మనిషి. ముఖచిత్రం నిండా అతనే. ఎవరి కంటా పడకూడదని, పెద్ద తెలివైనవాణ్ణిలా, బడి పుస్తకానికి వేసినట్టు అరబ్బీ పేపరుతో అట్ట వేశాను.

పక్క సీటులోని జగిత్యాల మేస్త్రీ గొణిగాడు: "సారూ, గా పేపర్ల అల్లా పేరుంటది. గట్ల అట్టలేస్తరా?"

అప్పటికే సైనికుడు పుస్తకం అందుకుని "హరామ్!" అన్నాడు, అంటే నిషిద్ధమని. అతను పేపరును చిరగకుండా విప్పి, ముద్దుపెట్టుకుని, జేబులో దాచుకున్నాడు. పుస్తకం వైపు చూడనైనా చూడకుండా నా ఒళ్లో పడేశాడు.

తర్వాతి చెక్‌పోస్టు దాకా ఆ జుట్టు మనిషి ముఖాన్ని రెండు చేతులతో కప్పి కూర్చున్నాను.