మా అత్త నాలుక మీది మచ్చ

మొన్న వానల్లో మనవరాలికి గొంతు నొప్పి చేస్తే, అంబత్తూరులో మా వీధి చివర ఉన్న డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన పిల్లను నోరు తెరవమని, టార్చి వేసి చూసి, నాలుక మీద ఉన్నది పుట్టుమచ్చేనమ్మా, దానివల్ల ఏమీ కాదు అని మామూలుగా చెప్పేసి మందులు రాయడంలో పడిపోయాడు. ఆ పిల్ల నాలుక మీద మచ్చ ఉందని అంతవరకూ నాకు తెలియదు. పక్క బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దావిడ, ఇంచుమించు నా వయసుదే, పిల్ల నోటి వంక చూసి, "కరినాక్కు" అని అరవంలో గొణుక్కుని కాస్త దూరంగా జరిగి కూర్చుంది. నేను పిల్లను దగ్గరికి లాక్కుని కూర్చోబెట్టుకున్నాను.

నల్ల నాలుక అన్న ఆ మాటను నా ఈడు వాళ్ళకు విప్పి చెప్పక్కర్లేదు. నాలుక మీద నల్లమచ్చ ఉన్నవాళ్ళు ఏదంటే అది జరుగుతుందని, అందులోనూ చెడు అంటే తప్పక జరుగుతుందని మనం వింటూ పెరిగినవాళ్ళమే. మీ ఇళ్ళల్లోనూ అటువంటి మనిషి ఒకరు ఉండే ఉంటారు. మా ఇంట్లో మా మేనత్త ఉండేది, నాన్నకు అక్క.

మాది చింతాద్రిపేటలో, కూవం ఏటికి దగ్గరగా, తాతల నాటి నేతగాళ్ళ పెంకుటిల్లు. ఆ ఇంట్లో మాట అంటే ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. తాత మాట ఇచ్చాడంటే ఇక తిరుగులేదు. అమ్మ పొద్దున లేచింది మొదలు మా అవ్వ చేత, అంటే నాన్న తల్లి చేత, మాటలు పడుతూనే ఉండేది. మా చిన్నాయనకు ఏదైనా సంబంధం వస్తే ఆ నెలంతా ఇంట్లో మాటలు జరుగుతున్నాయనేవాళ్ళు. మా అత్త మాట మాత్రం తగులుతుందనేవాళ్ళు, రాయి తగిలినట్టు.

ఆమె కాపురానికి వెళ్ళిన కొత్తలో, అత్తగారింటి ఆవు మేత సరిగా ముట్టడం లేదు, దానికేదో అయింది అందట. నాలుగు రోజులకు ఆవు చచ్చిపోయింది. అత్తగారు ఆమెను వెలుతురులో నిలబెట్టి, నోరు తెరిపించి, మచ్చ చూసి, బండెక్కించి పంపేశారు. నన్నడిగితే ఆమెలో ఉన్నదల్లా కళ్ళు పెట్టి చూసే గుణం. ఉన్నదాన్ని చూసేది, చూసినదాన్ని చెప్పేది. అది మా వాళ్ళకు శాపంలా కనబడింది.

అందుకని మా అవ్వ ఒక పద్ధతి పెట్టింది. ఇంట్లో ఎవరైనా మంచి పని మీద బయలుదేరినా, పెళ్ళివారు వచ్చినా, అత్త నోట్లో ఒక పటికబెల్లం ముక్క పెట్టేది. అది కరిగేదాకా ఆమె పెదవి విప్పకూడదు. కరిగేలోగా పని కాకపోతే మరో ముక్క. ఆమె బుగ్గలో పటికబెల్లం చూసి పిల్లలమైన మాకు నోరూరేది, ఎంత అదృష్టవంతురాలో అనుకునేవాళ్ళం. పిల్లలకేం తెలుసు!

చిన్నాయనకు అంబత్తూరులో ఒక కార్ఖానాలో రాత్రి షిఫ్టు. పొద్దున్నే వచ్చి, ముందు గదిలో వీధి గోడ వారన జంపఖానా పరుచుకుని మధ్యాహ్నందాకా నిద్రపోయేవాడు. తాత మగ్గం ఒకప్పుడు అక్కడే ఉండేది. మగ్గం ఎత్తేశాక కాళ్ళు పెట్టుకునే గుంటను మన్ను పోసి పూడ్చి, పైన సున్నం కొట్టించారు. ఆ చోటు చల్లగా ఉంటుందని అతనికి ఇష్టం. ఆ సంవత్సరం అతనికి పెళ్ళి కుదిరి, కార్తీకంలో ముహూర్తం పెట్టుకున్నారు. దానికి ముందు, అరవవాళ్ళ అయిప్పసి నెలలోనే వానలు మొదలై ఇక వదలలేదు. వీధిలో నిలిచిన నీళ్ళు గోడను తాకుతూ ఉండేవి.

ఒకరోజు చిన్నాయన లేచి వెళ్ళాక, అత్త జంపఖానా మడతపెడుతూ, దాని అడుగు తడిమి చూసింది. వంగి నేల నొక్కింది. గోడకు అరచెయ్యి ఆనించి చాలాసేపు అలాగే నిలబడింది. తర్వాత వంటింటి గడప దగ్గరికి వచ్చి, "అమా, ఆ గోడ నానిపోయిండాది, తమ్ముణ్ణి ఆడ పడుకోబాక..." అంటుండగానే అవ్వ చేతిలో గరిటె పడేసి వచ్చి ఆమె నోరు మూసింది. "అనబాక మే! పెళ్ళి పెట్టుకోనిండాము. నీ నోటితో మాత్రం అనబాక!" అంది. అవ్వకు కోపం కన్నా భయమే ఎక్కువ. డబ్బాలోంచి పటికబెల్లం తీసి ఆమె నోట్లో కుక్కింది. అంతే గానీ, వెళ్ళి గోడ చూసిన పాపాన పోలేదు. చూస్తే ఆ మాటను నిజమని ఒప్పుకున్నట్టవుతుందని కాబోలు. పెళ్ళి అయ్యేదాకా అత్త చిన్నాయనతో మాట్లాడకూడదని కూడా ఆ పూటే కట్టడి చేసింది.

మర్నాడు పొద్దున చిన్నాయన వచ్చేసరికి అతని జంపఖానా లోపలి గదిలో పరిచి ఉంది. అలసిపోయినవాడు, ఏమిటని అడగకుండా పడి నిద్రపోయాడు. ముందు గదిలో అతను పడుకునే చోట అత్త గోడకు వీపు ఆనించి కూర్చుని, చేటలో కందిపప్పు పోసుకుని ఏరుతోంది. ఎప్పుడూ పెరటి వసారాలో కూర్చునే మనిషి అక్కడెందుకు కూర్చుందో ఎవరూ పట్టించుకోలేదు. నేను అలవాటుగా ఆమె ఒళ్ళోకి చేరబోయాను. ఆమె నన్ను రెండు చేతులతో గట్టిగా తోసేసింది. ఎన్నడూ నన్ను కసురుకోని మనిషి. నేను ఏడుస్తూ లోపలికి పరిగెత్తి అమ్మతో చాడీ చెబుతున్నాను. అప్పుడే వీధి గోడ కూలిన చప్పుడు వినబడింది. ఇల్లంతా సున్నం దుమ్ము లేచింది.

ఆ చోటు ఖాళీగా ఉండి ఉంటే మాలో ఎవరో ఒకరం వెళ్ళి కూర్చునేవాళ్ళం. లేదా అవ్వే చిన్నాయనను లేపి మళ్ళీ అక్కడికి పంపేది. వద్దని చెప్పడానికి అత్తకు నోరు లేకుండా చేశాం. అందుకని తానే వెళ్ళి ఆ చోట కూర్చుంది. నాకు ఈ సంగతి అర్థం కావడానికి పెళ్ళీ, పిల్లలూ కావలసి వచ్చింది. చిన్నాయనకు ఆ రోజే అర్థమైంది. ఇటుకలు తొలగిస్తూ అతను ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

పరామర్శకు వచ్చినవాళ్ళంతా, చూశారా, ఆమె నోటి దోషం చివరికి ఆమెకే తగిలింది అన్నారు. ఆ పొద్దు పెదవి కూడా కదపలేదు కదా అని అమ్మ అంటే, పైకి అనకపోయినా మనసులో అనుకుని ఉంటుందిలే అంది మా అవ్వ. తన కడుపున పుట్టిన బిడ్డ గురించి అంది. ఆ మాటకు నాకు ఈనాటికీ ఒళ్ళు మండుతుంది.

ఇప్పుడు ఆ వీధిలో పెంకుటిళ్ళే లేవు. వాన పడుతుందంటే ముందురోజే ఫోన్లు మోగుతాయి, ఎక్కడ నీళ్ళు నిలుస్తాయో, ఎవరు ఇల్లు ఖాళీ చెయ్యాలో టీవీలో గొంతు చించుకుని చెబుతారు, ఎవరూ వెళ్ళి వాళ్ళ నోరు మూయరు. మా పిల్లలు సగం అరవంలో, సగం ఇంగ్లీషులో పొద్దస్తమానం ఏదో ఒకటి వాగుతూనే ఉంటారు, వాగనీ అని నేనూ ఊరుకుంటాను. పోయినవాళ్ళందరి గొంతులూ నాకు గుర్తున్నాయి. తాత దగ్గు మధ్యలో పలికే పలుకు, అవ్వ కేకలు, అమ్మ గొణుగుడు, కళ్ళు మూసుకుంటే చాలు, వినిపిస్తాయి. అత్త గొంతు మాత్రం ఎంత వెతుక్కున్నా దొరకదు. అది సన్నదో, బొంగురుదో కూడా చెప్పలేను.