రష్యాలో అయితే, చైనాలో అయితే

జడ్చర్లలో మాది రెండు గదుల కిరాయి ఇల్లు. నేను, నా కొడుకు, కోడలు, మనుమరాలు. నలుగురికే ఇరుకు. అలాంటి ఇంట్లోకి మూడేళ్లపాటు ప్రపంచ దేశాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. రష్యా వచ్చింది. చైనా వచ్చింది. ఆర్మేనియా అని ఒకటి, చలిదేశం నార్వే ఒకటి. చెప్పులు బయట విడవడమైనా తెలియని దేశాలు, నేరుగా వచ్చి నా మనుమరాలి నెత్తిన కూర్చున్నాయి. ఆ పిల్ల చేసిన నేరమల్లా చదరంగం బాగా ఆడడం.

నేను నేర్పానని చెప్పుకోను. నాకు వచ్చింది పులి-మేక ఒక్కటే. మా పుట్టిల్లు అచ్చంపేట అవతల, మేకలు కాసే ఇల్లు. బండ మీద బొగ్గుతో గీతలు గీసి, గులకరాళ్లను పులులనీ చింతగింజలను మేకలనీ పెట్టుకుని ఆడేవాళ్లం. మనుమరాలు బడికి పోకముందే నా పులులను కట్టిపడేసేది. తర్వాత బడిలో ఎవరో చదరంగం చూపిస్తే, సాయంత్రం ఇంటికొచ్చి అదే నాకు నేర్పింది. "అవ్వా, గిది గుర్రం. గిట్ల రెండు పోయి పక్కకు తిరుగుతది" అంటే, "గుర్రమా, తాగినోడా?" అన్నాను. పిల్ల అంతలా నవ్వడం మళ్లీ ఆ ఇంట్లో చాన్నాళ్లు వినలేదు.

మా ఆటలో ఒక పద్ధతి ఉంది. మేకలు కాసేచోట పక్కవాడి మేక మన మందలో కలిస్తే, వాడు అడగకముందే మళ్లించి పంపాలి. ఆ పద్ధతి ఆటలోకీ వచ్చింది. ఎదుటివాడు పొరపాటున కాయ జరిపితే, ఒకసారికి 'మాఫీ' అని వెనక్కి తీసుకోనిస్తాం. ఇవ్వనివాడిని మేకదొంగ అంటాం. చదరంగం వచ్చాక కూడా అవ్వా మనుమరాళ్లం మాఫీతోనే ఆడుకున్నాం.

మందుల కంపెనీలో షిఫ్టు పని చేసే నా కొడుకుకు ఎవరో చెప్పారు, ఆటలో పైకొస్తే కాలేజీ సీటుకూ కొలువుకూ కోటా ఉంటుందని. అంతే, పిల్లను కోచింగ్‌లో వేశాడు. నేనూ వెంట పోయాను. ఏసీ గది. గోడకు గోడంత ప్రపంచపటం. పిల్లలందరి చేతుల్లో ట్యాబులు; ఆటంతా వాటి మీదే. అసలు చదరంగం బల్ల ఒకటి ఉంది, పాలరాతిది, అద్దాల బీరువాలో. దాని మీద కాగితం అంటించారు. కూడబలుక్కుని చదివాను. 'ముట్టరాదు.'

సార్ మంచి మాటకారి. నోరు తెరిస్తే విమానం ఎక్కేవాడు.

"రష్యాల అయితే ఐదేండ్లకే పిల్లలను జల్లెడ పడ్తరండి. పనికొచ్చేటోళ్లను పెద్ద గురువు చేతుల పెడ్తరు. పొద్దుగాల లేస్తే లెక్కలే, పొద్దుగూకితే లెక్కలే."

మర్నాటి నుంచి మా ఇంట్లో రష్యా మొదలు. కోడి కూయకముందే పిల్లను లేపి ట్యాబు ముందు కూర్చోబెట్టేవాడు నా కొడుకు. అది కునికితే మొహాన నీళ్లు చల్లేవాడు.

"రష్యాల మంచు గూడ పడ్తదట బిడ్డా. జర అది గూడ తెప్పియ్ ఇంట్లకు" అన్నాను.

"నీకు తెల్వదమ్మా, నువ్వూకో" అన్నాడు. తెలియకపోవడం నా ఒక్కదానికే రాసిపెట్టినట్టు.

తర్వాత చైనా. అక్కడ సర్కారే పిల్లలను తీసుకుపోయి హాస్టల్‌లో పెట్టి, తిండీ బట్టా ఇచ్చి, ఆట ఒక్కటే నేర్పుతుందట. ఇక్కడ సర్కారు లేదు, తిండి లేదు, హాస్టల్ లేదు. ఆ మాటల్లోంచి నా కొడుకు తీసుకున్నది ఒక్కటే, పిల్లను గదిలో పెట్టి తలుపు వేయడం. ఆర్మేనియా మన పాత పాలమూరు, నల్గొండ జిల్లాలు కలిపినంత కూడా ఉండదట. కానీ అక్కడ బడిలో లెక్కల పాఠంలాగే చదరంగం పాఠం ఉంటుందట. అది విని మా వాడు బడికి పోయి హెడ్మాస్టర్‌ను అడిగాడు. ఆయన, "లెక్కల సారే లేడు, చదరంగం సార్ ఏడికెళ్లి వస్తడు?" అన్నాడట. ఆ మూడేళ్లలో నేను విన్న నిజమైన మాట అదొక్కటే.

నార్వే వచ్చినప్పుడు మాత్రం కడుపు చెక్కలయ్యేలా నవ్వాను. అక్కడ పిల్లలను స్వేచ్ఛగా వదిలేస్తారని సార్ చెప్పాడు. మా వాడు సాయంత్రం ఒక అరగంట స్వేచ్ఛ పెట్టాడు, ఫోన్‌లో అలారంతో సహా. పిల్ల గల్లీలో నిలబడి, "అవ్వా, ఇప్పుడు ఏం జెయ్యాలె?" అని అడిగేది.

నిజానికి ఆ దేశాల మీద నాకు కోపం లేదు. మామిడి మొక్కకు తుమ్మ మొక్కకు పెట్టినట్టు నీళ్లు పెడితే మొక్కదా తప్పు? ఏ దేశమైనా తన నేలనుబట్టి తన పిల్లలను పెంచుకుంటుంది. మనవాళ్లు మాత్రం ఆకు ఒక చోట, వేరు ఒక చోట కోసుకొచ్చి దారంతో కట్టి, కాయ కాయలేదేమని తిడతారు.

పాలమూరులో జిల్లా ఎంపిక పోటీలు వచ్చాయి. బయలుదేరే ముందు నా కొడుకు పిల్లతో స్పష్టంగా చెప్పాడు.

"ఈపాలి సెలెక్ట్ గాకుంటే ఇగ బందు. కోచింగ్ బందు, ఆట బందు. బుద్ధిగ సదువుకో."

పిల్ల తల ఊపింది. బస్సులో నాకూ కోడలికీ నడుమ, దారి పొడుగునా నా కొంగు మడతలు పెడుతూ విప్పుతూ కూర్చుంది.

పోటీలు ఒక ప్రైవేటు బడి హాలులో. పెద్దవాళ్లను లోపలికి రానివ్వలేదు. తల్లులంతా కిటికీల దగ్గర గుంపు కట్టారు. ఆ గుంపులో మోచేతులతో జాగా చేసుకుని నేనూ నిలబడ్డాను. మాది ఒక్కో ఆటా గెలుచుకుంటూ పోయింది. ఆఖరి ఆట గెలిస్తే ఎంపికైనట్టే.

ఎదురుగా రెండు జడల పిల్ల. ఆట నడుమ ఆ పిల్ల ఏనుగును పట్టుకుని, ఉలిక్కిపడి వదిలేసింది. కళ్లలో నీళ్లు. నా మనుమరాలు చేయి ఊపి ఏదో అంది. ఏమందో కిటికీ ఇవతల నుంచే నాకు తెలిసింది. మాఫీ. రెండు జడల పిల్ల కళ్లు తుడుచుకుని వేరే కాయ జరిపింది.

కాసేపటికి మాది మంత్రిని ముట్టుకుంది. మనసు మార్చుకుని చేయి తీసి గుర్రం మీద పెట్టింది. వెంటనే రెండు జడల పిల్ల చేయెత్తి నిర్వాహకుణ్ణి పిలిచింది. ఆయన వచ్చి విని, మంత్రి వైపు వేలు చూపించాడు. ముట్టిన కాయనే నడపాలి. అది ప్రపంచమంతా ఉన్న కాయిదా. మంత్రి కదిలితే రాజుకు కాపు లేదు. నా మనుమరాలు ఒకసారి కిటికీ వైపు చూసి, మంత్రిని జరిపింది. ఆట కట్టు.

బయటికొచ్చాక అది ఏడవలేదు. పిల్లల వెంట వచ్చిన సార్ మాత్రం పూనకం వచ్చినట్టు ఊగాడు.

"టచ్ చేస్తే ఆడాలని తెల్వదా? ఎల్‌కేజీ పిల్లలకు గూడ తెలుస్తది. రష్యాల అయితే ఇసొంటోళ్లను మొదటి దినమే ఇంటికి పంపుతరు!"

పిల్ల నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. "సార్, గా ముచ్చట రష్యాల ఎన్నో ఏట చెప్తరు సార్?"

సార్ పటం లేని చోట నిలబడ్డాడు కదా, ఏ దేశమూ గుర్తు రాలేదు. మా పిల్ల అక్కడ ఆడిందంతా ట్యాబు మీదే; దాని మీద కాయ మీద వేలు పెట్టి తీస్తే ఎవరు అడుగుతారు? మూడేళ్లలో ముట్టడం గురించి ఆయన చెప్పిన పాఠమల్లా బీరువా మీది కాగితమే. ఎప్పుడూ గొంతెత్తని నా కోడలు పిల్ల చెయ్యి పట్టుకుని, "రా బిడ్డ, పోదాం. సార్‌కు ఫ్లైట్ టైమైంది" అంది. అత్తనైనా చెబుతున్నా, ఆ రోజు ఆ నోటికి ముద్దు పెట్టాలనిపించింది.

ఇంటికి రాగానే నా కొడుకు మాట నిలబెట్టుకున్నాడు. అవ్వా మనుమరాళ్లం ఆడుకునే చదరంగం డబ్బాను సజ్జ మీదికి ఎక్కించాడు. "బందంటే బందే" అన్నాడు. ఎదిరించడానికి రష్యా రాలేదు, చైనా రాలేదు.

కొన్నాళ్లకు పిల్ల ఒక ఆదివారం వంటగది నేలబండ మీద సుద్దముక్కతో గళ్లు గీసింది. నా చింతగింజలు బంట్లు, సీసా మూతలు ఏనుగులు, వెల్లుల్లి రెబ్బలు గుర్రాలు, తల్లి బొట్టుబిళ్ల అంటించిన మూత మంత్రి. ఆడదామని నన్ను కూర్చోబెట్టింది. నేను పొరపాటున ఒక గింజ ముట్టి చేయి తీశాను.

"అవ్వా, ముట్టినవ్. అదే నడుపు."

"మాఫీ లేదానె?"

"లేదు."

"మేకదొంగా!" అన్నాను. అది పళ్లికిలించింది. ఎన్నాళ్లకో ఆ నవ్వు.

షిఫ్టు దిగి వచ్చిన నా కొడుకు గళ్లు దాటబోయి ఆగాడు. ఏమైనా అంటాడేమోనని కోడలు గరిటె పట్టుకునే చూసింది. వాడు వంగి, గళ్లకు అడ్డంగా పడిన వెల్లుల్లి రెబ్బను సరిగ్గా పెట్టాడు.

"డాడీ, ముట్టినవ్" అంది పిల్ల.

"అరె, ఊకె సర్దిన."

"సర్దేటట్లుంటే ముందే చెప్పాలె. ఇగ నడుపు."

వాడు నా వైపు చూశాడు. నేను వాడికి జాగా ఇచ్చి లేచి, పెనం మీది రొట్టె తిప్పుకుంటూ, "నడుపు బిడ్డా, ప్రపంచమంత అదే కాయిదానట" అన్నాను. కంపెనీ బట్టలతోనే బండ మీద కూలబడ్డాడు. మూడేళ్లు పిల్లకు ఆట నేర్పించిన మహానుభావుడికి గుర్రం ఎటు తిరుగుతుందో తెలియదని ఆ రోజే మాకు తెలిసింది. పిల్లే చూపించింది. రొట్టె కాలేలోపు వాడి రాజు పోయాడు.

"ఇంకొకటి" అన్నాడు, చెవులు ఎర్రగా చేసుకుని.

"గింజలు జారుతున్నయ్ డాడీ. గీ బండ మీద నేనాడను."

వాడు లేచి, స్టూలు లాక్కుని, సజ్జ మీది డబ్బా దించాడు.