పక్కింటి పిల్లకు దక్కకూడదని తీసుకున్న పడుగు

దాని గీత నా గీతకంటే బాగుంటుందని నాకు ఎప్పుడో తెలుసు. తెలిసినా ఒప్పుకునే గుణం నాకు లేదు. మాది ధర్మవరం. మా నాయన పట్టుచీరలు నేస్తాడు. అది మా పక్కింటి పిల్ల, నా ఈడుదే. దానికి నాయన లేడు. వాళ్ళమ్మ ఇంటింటికీ పోయి మగ్గాలకు పడుగులు అతుకుతుంది. చీర అంచులకూ కొంగులకూ కంప్యూటరులో బొమ్మలు గీసే పని ఇద్దరం ఒకే చోట, ఒకే మౌసు మీద వంతులేసుకుని నేర్చుకున్నాం. నేను నెమలి గీస్తే సారు నిలబడే చూసి "బాగుంది" అనేవాడు. అది గీస్తే కుర్చీ లాక్కుని పక్కన కూచునేవాడు. ఆ కుర్చీ చప్పుడు వింటేనే నాకు ఒళ్ళు మండేది.

బెంగుళూరులో ఒక పెద్ద బట్టల కంపెనీకి ఇద్దరం కలిసే దరఖాస్తు పెట్టాం, కలిసే ప్యాసింజరులో ఇంటర్వ్యూకు పోయాం. వాళ్ళమ్మ చిత్రాన్నం కట్టిచ్చింది. డబ్బా తెరిచి నాకే రెండు పిడికెళ్ళు ఎక్కువ పెట్టింది అది. నాకైతే ఆ ఉద్యోగం మీద ప్రాణం. ఏసీ గదిలో కూచుని గీయడం, నెల తిరిగేసరికి జీతం, మెడలో తాడుకు వేలాడే కార్డు. ఇంటర్వ్యూలో ఒక మేడం నా కాగితాలు చూసి పక్కన పెట్టింది. దానివీ చూసి పక్కన పెట్టింది. కాసేపు ఏదో మాట్లాడి, దానివి మాత్రం మళ్ళీ తీసింది. పది రోజుల్లో ఫోన్ చేస్తామన్నారు.

తిరుగు ప్రయాణంలో అది నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. నాకు రెప్ప పడలేదు. మళ్ళీ ఎందుకు తీసింది ఆ మేడం? నా దాంట్లో లేనిది దాంట్లో ఏముంది? హిందూపురం దాటేదాకా అదే ఆలోచన. భుజం నొప్పి పుడుతున్నా కదలలేదు, అది లేస్తే మాట్లాడాల్సి వస్తుందని.

వారం తిరగకుండానే మా నాయనకు పని ఇచ్చే షావుకారు నన్నూ మా నాయననూ షాపుకు పిలిపించాడు. "ఏం పాపా, కంప్యూటరు పని నేర్చినావంట. మాకు బొమ్మలు గీసేదానికి మనిషి కావల్ల. నీ మొదటి బొమ్మ మీ నాయనతోనే నేపిచ్చాం" అన్నాడు. మా నాయన నా వైపు చూశాడు. బెంగుళూరు సంగతి ఇంకా తేలలేదు, అది చెప్పి వారం గడువు అడిగితే షావుకారు కాదనేవాడు కాదు. అడగబోయాను కూడా. ఇంతలో ఆయనే, "నీకు కుదరదంటే ఇప్పుడే చెప్పు, మీ పక్కింటి పాపను పిలిపిచ్చా" అన్నాడు.

అంతే. "కుదురుతాది శావుకారీ" అనేశాను.

దారిలో మా నాయన అడిగాడు. "బెంగుళూరోళ్ళ మాట తేలలేదు గదా పాపా. ఒక వారం ఆగమని అడిగింటే పోయేది."

"ఏం అవసరం లేదు నాయనా. ఇదీ ఉండనీ."

బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు పడేసినట్టే అనుకున్నాను. బెంగుళూరు వస్తే తువ్వాలు తీసుకుని దిగిపోవచ్చు, రాకపోతే కూచోవచ్చు. ముఖ్యంగా అది కూచోదు.

కానీ మా ఊళ్ళో షావుకారు ఉద్యోగానికైనా కాగితం రాసివ్వడు. ఇంటికి పడుగు పంపుతాడు. చీరకు నిలువు పోగులన్నీ కలిపి చుట్టిన చుట్ట అది. దేవుడి పటాల ముందు పెట్టి కుంకుమ పెడితే ఒప్పుకున్నట్టు. మగ్గానికి అతికితే మాట ఇచ్చినట్టు. ఆ మాట మనిషిది కాదు, ఇంటిది. అతికిన పడుగును నేయకుండా దించిన ఇంటికి మళ్ళీ ఏ షావుకారూ పని ఇవ్వడు. పుట్టినప్పటినుంచీ ఇది చూస్తూ పెరిగినదాన్ని. అయినా మంగళవారం పొద్దున పడుగు వస్తే నా చేత్తోనే కుంకుమ పెట్టాను.

బుధవారం అతకడానికి వాళ్ళమ్మ వచ్చింది, వెంట అదీ వచ్చింది. పాత పడుగు కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే వేళ్ళకు బూడిద రాసుకుని పురిపెట్టి కలపాలి. వేల పోగులు. వాళ్ళమ్మకు చూపు మందగించింది, పోగు చేతికి తగిలితే గానీ తెలియడం లేదు. సగం పైన అదే అతికింది.

"కొత్త రంగుందే, ఏం పడుగన్నా ఇది?" అని వాళ్ళమ్మ మా నాయనను అడిగింది.

"శావుకారి పంపినాడమ్మా. మా పాపకు ఆడ బొమ్మలు గీసే పనిచ్చినాడు" అన్నాడు మా నాయన.

దాని వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. నేను ఆ వేళ్ళనే చూస్తున్నాను కాబట్టి నాకు తెలుసు. మళ్ళీ పోగు అందుకుని, "మంచిదాయె గదే. నేనూ ఆయప్పను పోయి అడుగుదామనుకుంటి" అంది.

"ఏంటికి, నీకు బెంగుళూరు వచ్చాది గదా" అన్నాను. ఎంత వద్దనుకున్నా గొంతులో కుళ్ళు దాగలేదు.

"అమ్మను ఇడిచిపెట్టి యాడికి పోతానే? నాతో వచ్చాదిలే అనుకుంటి. కండ్లు కనపడకుండా కొత్త ఊళ్ళో ఏం చేయల్ల, నేను రాను అంటాంది."

నేను నమ్మలేదు. వేషాలు, ఫోన్ వస్తే ఎగిరి గంతేసి పోతుంది అనుకున్నాను. సాయంత్రందాకా వంగి కూచుని ఆ ఇద్దరూ మా పడుగు అతికారు. నేను టీ ఇచ్చాను. వాళ్ళమ్మ లేచేటప్పుడు నడుం పట్టుకుని, "నీ చెయ్యి చల్లగుండల్ల పాపా" అంది.

శుక్రవారం నీళ్ళ ట్యాంకరు దగ్గర బిందెలతో నిలబడి ఉంటే ఫోన్ మోగింది. ఆ మేడమే. వచ్చీరాని తెలుగులో, నన్ను తీసుకుంటున్నామని, పదిహేను రోజుల్లో చేరాలని చెప్పింది. నేను థాంక్స్ చెప్పి ఊరుకోవాల్సింది. ఊరుకుంటే నేనెందుకవుతాను?

"నాతో వచ్చిన అమ్మాయికి కూడా వచ్చిందా మేడం?" అని అడిగాను.

"ముందు ఆ అమ్మాయికే ఇచ్చాం. మంగళవారం చెప్పాం. రాలేనన్నారు. మీరు చాలా బాగా చేస్తారని, మిమ్మల్నే తీసుకోమని అడిగారు."

బిందె నిండి పొర్లుతోందని వెనకామె అరిచేదాకా నాకు తెలియలేదు. మంగళవారం. అంటే బుధవారం మా మగ్గం ముందు కూచునేటప్పటికే అది బెంగుళూరు వద్దనుకుంది. ఊళ్ళో ఉన్న ఒక్క పనీ నేను లాక్కున్నానని అక్కడే తెలుసుకుంది. తెలిసీ కడదాకా అతికి పోయింది. సిగ్గుపడాల్సిన చోట నాకేం వచ్చిందో నిజం చెబుతాను. కడుపుమంట వచ్చింది. ముందు దానికే ఇచ్చారా! అది వద్దని వదిలేస్తే నాకు దక్కిందా!

ఇంటికి పోయి చెబితే మా నాయన మగ్గం వైపు చూస్తూ, "అతికిచ్చినాం గదా పాపా" అన్నాడు. కాసేపటికి చొక్కా వేసుకున్నాడు. "నువ్వు పో. ఆశపడినావు. పడుగు మాత్రం దిగదు. బొమ్మ ఎవురో ఒగరు గీచ్చే నేను నేచ్చా. కానీ శావుకారికి నువ్వే చెప్పల్ల. రా."

షావుకారు వినడం వినడమే మండిపడ్డాడు. "బెంగుళూరు మాట ముందే చెప్పింటే వారం ఆగింటి గదా. పడుగు ఇంటికి తీసుకొని ఇప్పుడు చెప్తావా?" నేను తల వంచుకున్నాను. ఆయన కోపం కొంచెం దిగాక, "అనంతపురం పిల్లోడు ఒగడు వచ్చి అడిగి పోయినాడు. వాన్ని పెట్టుకుంటా" అని ఫోన్ అందుకుని, మళ్ళీ ఆగి నన్నే అడిగాడు. "ఆ పక్కింటి పాప ఎట్ల గీచ్చాది? నీతోనే నేర్చింది గదా."

ఒక్క మాట చాలు. నాకన్నా బాగా గీస్తుంది అంటే దాని బతుకు నిలబడుతుంది, వాళ్ళమ్మ కళ్ళు ఇంక పోగులు వెతుక్కోనక్కర్లేదు. నాకు బెంగుళూరు ఉంది, పోయేదేమీ లేదు. అయినా అలమరలో చీరల అంచులు చూస్తూ నిలబడ్డాను. షావుకారు వేలు ఫోన్ మీద ఉంది. మా నాయన నా కోసం ఎదురుచూశాడు. బాగానే ఎదురుచూశాడు. తరువాత ఆయనే అన్నాడు.

"మా పాప దారి పొడుగునా అదే చెప్తా వచ్చింది శావుకారీ. ఆ పాప నాకన్నా బాగా గీచ్చాది నాయనా అని. నీ ముందర చెప్పేదానికి మొగమాటపడతాంది."

మా నాయన అబద్ధం చెప్పగా నేను వినడం అదే మొదలు.

నేను పోయే రోజు అది స్టేషనుకు వచ్చింది. నా బ్యాగు వద్దన్నా అదే మోసింది. అప్పటికే షావుకారు దగ్గర చేరి నాలుగు రోజులు. మా నాయన మగ్గం మీద నేసేది దాని బొమ్మే. బెంగుళూరు వాళ్ళతో తను ఏమన్నదో అది నాతో ఒక్క మాట చెప్పలేదు. బండి వచ్చాక నా చెయ్యి పట్టుకుంది.

"శావుకారి చెప్పినాడు. నువ్వే నా పేరు చెప్పినావంట గదే. ఎవురు చెప్తారు అట్ల?"

దాని కళ్ళు నిండి ఉన్నాయి. మా నాయన పక్కనే నిలబడి పట్టాల వైపు చూస్తున్నాడు.

"ఆ, చెప్పినా" అన్నాను.